అడిగే చోటే అసలు పరీక్ష: భాష మారినప్పుడు టెర్మినల్ ఇన్‌పుట్

ఒక భాషలో రాసిన ప్రోగ్రాంను మరో భాషలోకి మార్చేటప్పుడు లెక్కలు చేసే భాగం పెద్దగా ఇబ్బంది పెట్టదు. కూడిక, షరతు, లూపు ఏ భాషలోనైనా దాదాపు ఒకటే. చిక్కంతా ప్రోగ్రాం మనిషిని ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగే చోట వస్తుంది. పాత ప్రోగ్రాంలో ఒక్క పంక్తిలో ముగిసిన పని కొత్త భాషలో కూడా ఒక్క పంక్తిలోనే కనిపిస్తుంది. కానీ ఎంటర్ నొక్కాలా వద్దా, తప్పు కొడితే మళ్లీ అడుగుతుందా, ఏమీ కొట్టకపోతే ఏమవుతుంది, పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఎంతవరకు తీసుకుంటుంది అన్నవి ఆ పంక్తిలో రాసి ఉండవు. వాటిని పాత భాషో, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమో మనకు చెప్పకుండానే చూసుకుంటూ వచ్చాయి. ఈ వ్యాసం వాదన ఇంతే: భాష మార్చేవాళ్లు ముందుగా తేవలసింది మనిషికీ ప్రోగ్రాంకూ మధ్య నడిచే సంభాషణను. పాత భాష చెప్పకుండా చేసిపెట్టిన ప్రతి పనినీ కొత్త భాషలో చెప్పి చేయించాలి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి బళ్లారి జిల్లా తగిన చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి; బళ్లారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. గీత గీసినా మాట ఆగలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు అన్నది ఇక్కడ ఎన్నో కుటుంబాల మామూలు జీవితం. సరిహద్దుకు రెండు వైపులా పొలం ఉన్న రైతు పేరు ఇటు పహాణీలో కన్నడలో, అటు అడంగల్‌లో తెలుగులో ఉంటుంది. చదువులోనూ ఇదే పరిస్థితి. బళ్లారి ఇంజనీరింగ్ కాలేజీలు విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కిందికి వస్తే, గీత దాటగానే అనంతపురం జేఎన్‌టీయూ పరిధి మొదలవుతుంది. రెండు చోట్లా విద్యార్థి సీ భాషనూ నేర్చుకుంటాడు, పైథాన్‌నూ నేర్చుకుంటాడు. కాబట్టి ఒకే ల్యాబ్ ప్రోగ్రాం రెండు భాషల్లో, ఒకే పేరు రెండు లిపుల్లో రాయవలసి రావడం ఇక్కడ అరుదైన సంగతి కాదు.

ముందు ల్యాబ్ సంగతి చూద్దాం. మన కాలేజీల్లో ఏళ్ల తరబడి సీ భాష అంటే టర్బో సీ. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన ఆ నీలి తెర డాస్ మీద నడిచేది. ప్రోగ్రాం మొదట్లో తెర తుడిచే ఆదేశం, చివర్లో గెట్‌సీహెచ్ లేని ల్యాబ్ రికార్డు ఉండేది కాదు. ఆ గెట్‌సీహెచ్ రెండు వేర్వేరు పనులు చేసింది. మెనూలో 1, 2, 3 అని చూపించి ఏదో ఒక మీట నొక్కగానే, ఎంటర్ అవసరం లేకుండా, దాన్ని పట్టుకోవడం మొదటిది. ప్రోగ్రాం ముగియగానే టర్బో సీ తిరిగి తన ఎడిటర్ తెరకు వెళ్లిపోతుంది కనుక, ఫలితం కనిపించేలా తెరను ఆపి ఉంచడం రెండోది. లైనక్స్ మీద జీసీసీతో ఇదే ప్రోగ్రాం కంపైల్ చేస్తే గెట్‌సీహెచ్‌కు కావలసిన హెడర్ ఫైలే దొరకదు. ఎన్‌కర్సెస్ లైబ్రరీలో అదే పేరుతో ఫంక్షన్ ఉంది గానీ, ముందుగా తెర మొత్తాన్ని ఆ లైబ్రరీకి అప్పగిస్తేనే అది పనిచేస్తుంది. పైథాన్‌లోకి మార్చే విద్యార్థి చివరి గెట్‌సీహెచ్ స్థానంలో ఇన్‌పుట్ ఫంక్షన్ పెడతాడు. ఆ ప్రోగ్రాంకు ముందే రాసిపెట్టిన జవాబుల ఫైలు ఇచ్చి ఆటోమేటిక్‌గా మూల్యాంకనం చేస్తే, ఎవరూ ఇవ్వని ఆ చివరి జవాబు కోసం వెతికి అది దోషంతో ఆగిపోతుంది. రెండో గెట్‌సీహెచ్‌ను తీసేయాలి, మొదటిదానికి తగిన ప్రత్యామ్నాయం వెతకాలి. పేరు ఒకటే కనుక పనీ ఒకటే అనుకోవడంతోనే తప్పు మొదలవుతుంది.

దీనికి మూలం కెర్నెల్‌లో ఉంది. యూనిక్స్ వంశానికి చెందిన సిస్టంలలో మనం నొక్కిన మీట నేరుగా ప్రోగ్రాంకు చేరదు. కెర్నెల్‌లోని టెర్మినల్ విభాగం ఒక పంక్తి పూర్తయ్యేదాకా అక్షరాలను తన దగ్గరే ఉంచుకుంటుంది. ఈలోపు బ్యాక్‌స్పేస్ కొడితే తానే చెరిపేస్తుంది. ఎంటర్ పడ్డాకే పంక్తిని అప్పగిస్తుంది. అలా అందిన పంక్తిలో భాష ఎంత తీసుకుంటుందన్నది మరో మెట్టు. సీలో స్కాన్‌ఎఫ్‌తో పేరు అడిగినప్పుడు ‘కృష్ణదేవ రాయలు’ అని కొడితే ఖాళీ దగ్గరే ఆగి ‘కృష్ణదేవ’ మాత్రమే తీసుకుంటుంది. మిగిలిన ‘రాయలు’ తర్వాతి ప్రశ్న వయసుకు జవాబుగా వెళ్తుంది. అంకె దొరకక స్కాన్‌ఎఫ్ విఫలమవుతుంది, ఆ మాట అక్కడే ఉండిపోతుంది. చుట్టూ లూపు ఉంటే అది అంతులేకుండా తిరుగుతుంది. జావాలో స్కానర్‌తో అంకె చదివి వెంటనే పంక్తి చదివితే, అంకె తర్వాత మిగిలిన ఎంటర్ ఖాళీ జవాబుగా వస్తుంది. పైథాన్ పంక్తి మొత్తాన్నీ తీసుకుని చివరి ఎంటర్‌ను తీసేస్తుంది. పెర్ల్, రూబీ, రస్ట్ పంక్తి మొత్తాన్నీ ఇస్తాయి గానీ ఎంటర్‌ను అలాగే ఉంచుతాయి. పెర్ల్‌లో ఎంటర్‌ను తీసేసే చాంప్ ఎందుకు రాశారో తెలియకుండా పైథాన్‌లోకి తెచ్చినా నష్టం లేదు. పైథాన్ నుంచి రస్ట్‌లోకి తెచ్చి అలాంటి పంక్తి చేర్చకపోతే ‘అవును’ ఎప్పటికీ ‘అవును’తో సరిపోలదు.

కొన్ని పాత భాషలు ఇంతకంటే ఎక్కువ పనే చూసుకునేవి. జీడబ్ల్యూ బేసిక్‌లో అంకె అడిగిన చోట అక్షరాలు కొడితే, మళ్లీ మొదటి నుంచి ఇవ్వమని భాషే చెప్పి మళ్లీ అడిగేది. ప్రోగ్రాం రాసినవాడు అందుకోసం ఒక్క పంక్తీ రాయలేదు. ఆ ప్రోగ్రాంను పంక్తికి పంక్తి పైథాన్‌లోకి మార్చితే తప్పు కొట్టగానే అది కూలిపోతుంది. 1990లలో దుకాణాల లెక్కలకూ ఆఫీసు రికార్డులకూ విరివిగా వాడిన డీబేస్, ఫాక్స్‌ప్రో ఇంకో అడుగు ముందున్నాయి. తెర మీద ఏ వరసలో ఏ గడి ఉండాలో చెప్పి, అన్నిటినీ ఒకేసారి చదివే ఆదేశం ఇస్తే చాలు. గుమాస్తా నాలుగో గడిలో ఉండగా రెండో గడిలో తప్పు కనిపిస్తే పై బాణం మీట నొక్కి వెనక్కి వెళ్లేవాడు. గడికి అనుమతించే విలువలు, పెద్దక్షరాల నియమం అక్కడే రాసి ఉండేవి. దాన్ని వరసగా నాలుగు ఇన్‌పుట్ ఫంక్షన్లుగా మార్చితే లెక్క సరిగ్గానే వస్తుంది, వెనక్కి వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. విజువల్ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరిలో ముగిసింది. కాబట్టి దాన్నుంచి బయటపడటం తప్పని పనే. అయితే వెనక్కి వెళ్లే వీలును అలంకారంగా భావించి వదిలేస్తే, ఒక్క తప్పు దిద్దడానికి రికార్డు మొత్తం మళ్లీ కొట్టాల్సి వస్తుంది. విసుగుపుట్టి తప్పునే ఉంచేస్తారు.

ఒకే భాష రెండు కూర్పుల మధ్య కూడా ఈ సమస్య ఉంటుందనడానికి పైథాన్ మంచి ఉదాహరణ. పైథాన్ 2లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ మనం కొట్టినదాన్ని పైథాన్ వాక్యంగా భావించి అమలు చేసేది. 35 అని కొడితే అంకె వచ్చేది. ఫైళ్లు తుడిచే ఆదేశం కొడితే అదీ జరిగేది. కొట్టినదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడానికి రా_ఇన్‌పుట్ అనే వేరే ఫంక్షన్ ఉండేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో రా_ఇన్‌పుట్ పని ఇన్‌పుట్‌కు వచ్చింది, అమలు చేసే పాత అలవాటు పోయింది. కూర్పు మార్చడానికి ఇచ్చిన టూ టు త్రీ అనే పనిముట్టు పాత ఇన్‌పుట్‌ను చూడగానే, కొట్టినదాన్ని చదివి అమలు చేసే రూపంలోకి మార్చింది. ప్రవర్తన మారకూడదన్న నియమం ప్రకారం ఆ మార్పు సరైనదే. కానీ పాత ప్రమాదం కూడా భద్రంగా కొత్త ఇంటికి చేరింది. రాసినవాడికి కావలసింది ఒక అంకె మాత్రమే. దాన్ని పూర్ణాంకంగా మార్చే ఒక్క మాట చాలు. ప్రవర్తనను తేవడం, ఉద్దేశాన్ని తేవడం రెండూ ఒకటి కావని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు. ఏది తేవాలో పనిముట్టు తేల్చలేదు; ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో తెలిసిన మనిషే తేల్చాలి.

జవాబే రాకపోతే ఏమవుతుందన్నది చాలామంది పరీక్షించని విషయం. లైనక్స్‌లో కంట్రోల్-డీ, విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్ నొక్కితే, లేదా జవాబుల ఫైలు అయిపోతే, ప్రోగ్రాంకు ఇన్‌పుట్ ముగిసిందన్న సంకేతం అందుతుంది. పైథాన్ దాన్ని దోషంగా లేవనెత్తుతుంది. పెర్ల్ విలువ లేదని చెబుతుంది, రూబీ నిల్ ఇస్తుంది, షెల్‌లోని రీడ్ ఆదేశం విఫలమైనట్టు సంకేతం ఇస్తుంది, రస్ట్ విజయవంతంగా సున్నా బైట్లు చదివానని చెబుతుంది. ఇప్పుడు సరైన జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగే లూపును తీసుకోండి. పైథాన్‌లో ఇన్‌పుట్ ముగిస్తే ఆ లూపు దోషంతో ఆగిపోతుంది. చూడటానికి బాగుండదు గానీ ఆగుతుంది. అదే లూపును యథాతథంగా రస్ట్‌లోకో పెర్ల్‌లోకో మార్చితే, సున్నా బైట్లు కూడా తప్పు జవాబే కనుక మళ్లీ అడుగుతుంది, మళ్లీ సున్నా వస్తుంది. రాత్రిపూట తనంతట తానే నడిచే పనిలో ఇది జరిగితే తెల్లారేసరికి లాగ్ ఫైలు డిస్కును నింపేస్తుంది. లూపు తర్కంలో తప్పేమీ లేదు. మూల భాష చేసిన ఒక పని ఎవరి లెక్కలోకీ రాలేదు, అంతే.

అవతల మనిషి ఉన్నాడా, మరో ప్రోగ్రాం ఉందా అన్నది కూడా సంభాషణలో భాగమే. ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి వస్తోందా అని అడిగి తెలుసుకునే వీలు అన్ని ప్రధాన భాషల్లోనూ ఉంది. మార్పిడిలో ఆ తనిఖీని తరచూ వదిలేస్తారు. రస్ట్‌లో ప్రశ్నను ఎంటర్ లేకుండా ముద్రించి, బఫర్‌ను ఖాళీ చేయకపోతే ప్రశ్న తెర మీదికి రాకుండానే ప్రోగ్రాం జవాబు కోసం ఆగుతుంది. ముందు కూర్చున్నవాళ్లకు అది బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. రూబీలో గెట్స్ రాసిన ప్రోగ్రాంకు కమాండ్ లైన్‌లో ఏదైనా మాట ఇస్తే, మనిషిని అడగకుండా ఆ పేరు గల ఫైలు కోసం వెతుకుతుంది. బ్యాష్‌లో ప్రశ్న చూపించి, కొట్టినది తెరపై కనపడకుండా పాస్‌వర్డ్ తీసుకునే సౌకర్యాలు రీడ్ ఆదేశంలోనే ఉన్నాయి. ఉబుంటు 2006 నుంచి స్క్రిప్టులు నడిపే సిస్టం షెల్‌గా వాడుతున్న డ్యాష్‌లో ప్రశ్న చూపించే వీలుంది గానీ, కొట్టినది దాచే వీలు లేదు. జావాస్క్రిప్ట్‌ను టెర్మినల్‌లో నడిపే నోడ్‌లో రూపమే మారిపోతుంది. అక్కడ ప్రశ్న అడిగిన పంక్తి జవాబు కోసం ఆగదు. జవాబు వచ్చాక చేయవలసిన పనిని విడిగా అప్పగించాలి, లేదా ఎదురుచూడమని స్పష్టంగా రాయాలి. అందుకే పైథాన్ నుంచి నోడ్‌కు వెళ్లేవాళ్లు ఒక్క పంక్తిని మార్చి సరిపెట్టుకోలేరు, ప్రోగ్రాం అల్లికనే మార్చాల్సి వస్తుంది.

ఇంతవరకు ఇంగ్లీషు అక్షరాలకూ వర్తించే విషయాలే చూశాం. బళ్లారిలో జవాబు తెలుగులోనో కన్నడలోనో వస్తుంది. ‘బళ్లారి’ అన్న మాట చదివేవాళ్లకు మూడక్షరాలు. యూనికోడ్‌లో బ, ళ, పొల్లు, ల, దీర్ఘం, ర, గుడి కలిపి ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు చొప్పున ఇరవై ఒక్క బైట్లు. పైథాన్, జావాస్క్రిప్ట్ దీని పొడవు 7 అంటాయి. సీ, గో, రస్ట్ 21 అంటాయి. పేరు ఇరవై లోపు ఉండాలన్న నియమాన్ని అక్షరాలా మార్చితే పైథాన్‌లో చెల్లిన ఊరి పేరు గోలో చెల్లదు. కన్నడలో రాసినా ఏడు సంకేతాలే. తెలుగు అక్షరాల సంఖ్యలు 3072 నుంచి, కన్నడవి 3200 నుంచి మొదలవుతాయి. తెలుగు ‘క’ 3093 అయితే కన్నడ ‘క’ 3221, తేడా సరిగ్గా 128. అయినా 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెచ్చిన ఒత్తుల నియమం తెలుగుకు వర్తించింది, కన్నడకు వర్తించలేదు. దాని ప్రకారం అదే ఊరి పేరు తెలుగులో మూడు గుచ్ఛాలు (ఒక్క అక్షరంగా లెక్కించే సంకేతాల గుంపులు), కన్నడలో నాలుగు. బ్యాక్‌స్పేస్ సంగతి మరీ సున్నితం. లైనక్స్‌లో యూటీఎఫ్-8ను గుర్తించే టెర్మినల్ అమరిక 2004లో వచ్చింది. అది ఆఫ్‌లో ఉంటే ఒక్క నొక్కుకు ఒక్క బైటే చెరుగుతుంది, సగం అక్షరం మిగులుతుంది. పైథాన్ 3 దాన్ని చదవలేక దోషం చూపుతుంది. సీ ప్రోగ్రాం ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఆ చెడిపోయిన పేరును రికార్డులోకి ఎక్కిస్తుంది.

అంకెలు మరింత మోసం చేస్తాయి. కర్ణాటకలో ప్రభుత్వ పత్రాల మీద కన్నడ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి కనుక, వాటిని కీబోర్డు మీద కొట్టేవాళ్లూ ఉంటారు. వయసు అడిగితే ౩౫ అని తెలుగు అంకెల్లోనో, లేదా కన్నడ అంకెల్లోనో కొట్టారనుకోండి. పైథాన్, జావా దాన్ని 35గా తీసుకుంటాయి. గో దోషం చెబుతుంది. జావాస్క్రిప్ట్ అది అంకె కాదంటుంది. హెచ్చరికలు ఆన్ చేయని పెర్ల్‌లోనూ, సీలోని ఏటాయ్ ఫంక్షన్‌లోనూ అది నోరు మెదపకుండా సున్నా అవుతుంది. ఒకే జవాబు ఒక భాషలో నిజం, మరో భాషలో తప్పు, ఇంకో భాషలో అబద్ధం. ఈ మూడింటిలో అబద్ధమే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ గమనించరు. ‘రైతు’ అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్ ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది. తెర మీద తేడా తెలియదు, పోల్చి చూస్తే సరిపోలదు. కన్నడలో ఇలా రెండు రూపాలున్న స్వర చిహ్నాలు ఇంకా ఎక్కువ. అందువల్ల చదివిన వెంటనే ఒకే రూపంలోకి తెచ్చుకోవడం ఈ ప్రాంతంలో నడిచే ఏ ప్రోగ్రాంకైనా కనీస మర్యాద.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. టెర్మినల్‌లో మనిషిని అడగడమే పాత పద్ధతి, వెబ్ ఫారమో సెట్టింగుల ఫైలో పెడితే ఈ బాధే ఉండదు కదా అన్నది మొదటిది. నిజమే, ఎన్నో స్క్రిప్టులకు అదే మంచి దారి. కానీ డేటాబేస్‌ను తుడిచే ముందు అవునా కాదా అని అడగవలసిన చోట, నెట్ సరిగా లేని కార్యాలయంలో, ప్రోగ్రామింగ్ మొదటి పాఠాల్లో టెర్మినల్ ఇంకా ఉంది, ఉంటుంది. పైగా పొడవు, అంకెలు, రెండు రూపాల అక్షరాల సమస్యలు వెబ్ ఫారానికి మారినా వెంటే వస్తాయి. పాత ప్రోగ్రాంను మార్చకుండా, దాని ముందు మనిషి కూర్చున్నట్టు నటించే మరో ప్రోగ్రాం పెట్టొచ్చు కదా అన్నది రెండోది. 1990లో డాన్ లిబ్స్ రూపొందించిన ఎక్స్‌పెక్ట్ ఆ పనే చేస్తుంది. ప్రశ్నలోని మాటలు చూసి జవాబు పంపుతుంది కనుక, ప్రశ్న పాఠం కాస్త మారినా అది తడబడుతుంది. శాశ్వత పరిష్కారంగా దాన్ని నమ్మలేం. అయితే మార్పిడికి ముందు పాత ప్రోగ్రాం సంభాషణను నమోదు చేసి, కొత్తదాని మీద అదే నడిపి చూడటానికి అంతకంటే మేలైన సాయం లేదు.

మూడో అభ్యంతరం ఈ రోజుల్లో గట్టిగా వినిపిస్తోంది: ఒక భాష నుంచి మరో భాషలోకి కోడ్ మార్చే కృత్రిమ మేధ ఉండగా ఈ వివరాలన్నీ మనిషికెందుకు? అది ఎంటర్ తీసేయడం, దోషాన్ని పట్టుకోవడం వంటి తెలిసిన అలవాట్లను చాలావరకు సరిగానే రాస్తుంది. కానీ దాని ముందున్నది కోడ్ మాత్రమే. చివరి గెట్‌సీహెచ్ తెర ఆపడానికా, అనుమతి అడగడానికా అన్నది కోడ్‌లో లేదు. ఆ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు ఏ అంకెలు కొడతారో, ఊరి పేరును బళ్లారి అని రాస్తారో బళ్ళారి అని రాస్తారో కూడా అందులో లేదు. ఆ సమాచారం మనం ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. ఇవ్వాలంటే ముందు మనకు తెలియాలి. యంత్రం సాయం పెరిగేకొద్దీ పంక్తులు రాసే శ్రమ తగ్గుతుంది. ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో తేల్చే బాధ్యత మాత్రం మనమీదే ఇంకా స్పష్టంగా నిలుస్తుంది.

ఈ సాక్ష్యాలన్నీ ఒకే పద్ధతిని సూచిస్తున్నాయి. మార్చబోయే ప్రోగ్రాంలో మనిషిని అడిగే చోట్లన్నీ ముందు జాబితా రాయాలి. ప్రతిచోటా పాత భాష చెప్పకుండా చేస్తున్నదేమిటో పక్కన రాయాలి. కొత్త భాషలో ఆ పనులన్నీ ఒకే ఫంక్షన్‌లో పెట్టి, మిగతా ప్రోగ్రాం దాని ద్వారానే అడిగేలా చేయాలి. ఆ తర్వాత ఆరు జవాబులు ఇచ్చి చూడాలి: సరైనది, ఖాళీ ఎంటర్, తప్పు రకం, మధ్యలో ఖాళీ ఉన్న పేరు, తెలుగు లేదా కన్నడ అంకెలు, అసలు జవాబే లేకుండా ముగిసిన ఇన్‌పుట్. టెర్మినల్ ముందు కూర్చుని ఒకసారి, ఫైలు నుంచి పంపి ఒకసారి నడపాలి. ఇది ఒక ల్యాబ్ పిరియడ్‌లో పూర్తయ్యే పని. బళ్లారిలోనూ అనంతపురంలోనూ ల్యాబ్ రికార్డులో అవుట్‌పుట్ పక్కన ఈ ఆరు జవాబుల ఫలితాన్నీ రాయించి మార్కులు వేస్తే, విద్యార్థి రెండు భాషల వ్యాకరణంతోపాటు వాటి స్వభావమూ నేర్చుకుంటాడు. రేపు అతను రాసే ప్రోగ్రాం ముందు కూర్చునేది తన ఊరి మనిషే. ఆ మనిషి తన పేరును తన లిపిలో కొడితే అది చెక్కుచెదరకుండా రికార్డులోకి చేరాలి. చేరనంతవరకు ఆ ప్రోగ్రాం కొత్త భాషలోకి వచ్చిందని చెప్పుకోవడం తొందరపాటే.